మూడు బలాల లెక్కను త్రిభుజంతో తేల్చడం ఎలా

స్టాటిక్స్ (కదలకుండా ఉన్న వస్తువుల మీది బలాల శాస్త్రం) లెక్కలో జవాబు తప్పితే చాలామంది సైన్, కాస్ విలువలనే మళ్లీ మళ్లీ సరిచూసుకుంటారు. తప్పు అక్కడ దొరకడం అరుదు. వస్తువు మీద ఏయే బలాలు పనిచేస్తున్నాయో గీసుకున్న బొమ్మలో ఒక బాణం తగ్గి ఉంటుంది, లేదా ఒక కోణాన్ని నిలువు గీత నుంచి కొలవాల్సింది అడ్డగీత నుంచి కొలిచి ఉంటారు. బొమ్మ సరిగ్గా ఉంటే, మూడు బలాల లెక్క త్రికోణమితిలోని సైన్, కొసైన్ సూత్రాలకు మించి ఏమీ అడగదు. ఇంటర్మీడియట్, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులు ఈ పద్ధతిని ఒకసారి చేత్తో గీసి చూస్తే, విడివిడిగా బట్టీపట్టిన సూత్రాలు చాలావరకు అవసరం లేకుండా పోతాయి.

ఒక పెన్సిలు, స్కేలు, కోణమానిని, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. కాలిక్యులేటర్‌లో ముందు సైన్ 30 నొక్కండి. 0.5 రావాలి. మైనస్ 0.988 వస్తే అది రేడియన్లలో ఉన్నట్టు, వెంటనే డిగ్రీలకు మార్చండి.

వస్తువును విడదీసి గీయడం

ఏ వస్తువు కదలకుండా ఉందని చెప్పారో దాన్ని మాత్రమే కాగితం మీద పెట్టండి. ముడి, కొక్కెం, దిమ్మ, నిచ్చెన, ఏదైనా సరే. పుస్తకాల్లో దీన్నే స్వేచ్ఛా వస్తు పటం అంటారు. ఆ వస్తువును తాకుతున్న వాటన్నిటినీ ఒక్కొక్కటిగా చెరిపేస్తూ, చెరిపిన ప్రతిచోటా ఒక బాణం పెట్టండి.

తాడును చెరిపితే, తాడు వెంటే వస్తువు నుంచి బయటికి పోయే బాణం పెట్టాలి. తాడు లాగగలదు, నెట్టలేదు. కాబట్టి లెక్క చివర తాడు తన్యత, అంటే తాడు లాగే బలం, మైనస్‌లో వచ్చిందంటే బొమ్మలోనో గుర్తుల్లోనో తప్పుంది, లేదా ఆ తాడు వదులైపోయింది. నునుపైన తలాన్ని చెరిపితే, తలానికి లంబంగా వస్తువు వైపు వచ్చే బాణం పెట్టాలి. అది అభిలంబ ప్రతిచర్య. తలం గరుకైతే దానికి తోడు తలం వెంట ఘర్షణ బాణం కూడా ఉంటుంది. వస్తువు ఎటు జారాలని చూస్తుందో దానికి ఎదురుగా దాన్ని గీయాలి. కీలుతో బిగించిన చోట ప్రతిచర్య ఎటు ఉంటుందో ముందే చెప్పలేం. అందుకే దాని దిశ కూడా తెలియని రాశి అవుతుంది. అయితే ఒక కమ్మీ మీద బలాలు దాని రెండు చివరల దగ్గర మాత్రమే పనిచేస్తూ, దాని సొంత బరువును వదిలేయగలిగితే, ఆ బలాలు తప్పకుండా రెండు చివరలను కలిపే గీత వెంటే ఉంటాయి. ఈ ఒక్క విషయం గుర్తిస్తే ఒక తెలియని రాశి ఊరికే తగ్గిపోతుంది.

మిగిలింది బరువు. దాన్ని ఎప్పుడూ నిట్టనిలువుగా కిందికే గీయాలి. వాలు తలం మీద దిమ్మ గీసేటప్పుడు బరువు బాణాన్ని కూడా తలంతో పాటు వాల్చేయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. ఇక లెక్కలో కిలోగ్రాములు ఇస్తే 9.8తో గుణించి న్యూటన్లు చేసి బాణం పక్కన రాసేయండి. సగం బలాలు కిలోల్లో, సగం న్యూటన్లలో ఉంటే చివర్లో వచ్చే జవాబు దేనికీ పనికిరాదు.

బలాలు ఎన్నో లెక్కపెట్టాకే పద్ధతి

రెండే బలాలుంటే అవి సమానంగా, ఎదురెదురుగా, ఒకే గీత మీద ఉంటాయి. అక్కడ లెక్క ఏమీ లేదు. మూడు ఉంటే త్రిభుజం గీయండి. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఒక్కో బలాన్ని ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు దిశల్లో అంశలుగా విడగొట్టండి. మూడు బలాలకు కూడా అంశల పద్ధతి పనిచేస్తుంది కానీ, రెండు తెలియని రాశులతో రెండు సమీకరణాలు సాధించాల్సి వస్తుంది. త్రిభుజంలో ఒక్కో రాశి ఒక్కో లైన్లో నేరుగా వచ్చేస్తుంది. పైగా ఏది పెద్ద బలమో, ఏది చిన్నదో కళ్లముందే కనబడుతుంది. ఆ కారణంగానే మూడు బలాలకు త్రిభుజమే మేలు.

ఒక బిందువు దగ్గర కలిసే బలాలు ఒకే తలంలో ఉంటే మనకు దక్కేవి రెండు షరతులే. అందువల్ల తెలియని రాశులు రెండు మించకూడదు. మూడు కనబడితే ఎక్కడో కోణం, కమ్మీ దిశ, ఒకే తాడు కప్పీ మీదుగా పోవడం లాంటి సమాచారం మీరు వాడకుండా వదిలేసి ఉంటారు. నునుపైన కప్పీ మీదుగా పోయే తాడుకు రెండు వైపులా తన్యత ఒక్కటే అని గుర్తుంచుకోండి. ఒకే కొక్కేనికి ముడివేసిన రెండు వేర్వేరు తాళ్లకు అలా ఉండదు.

రెండు తాళ్ల లెక్క, మొదటి నుంచి చివరి దాకా

20 కిలోల బరువును పైకప్పు నుంచి రెండు తాళ్లతో వేలాడదీశారు. ఎడమ తాడు పైకప్పుతో 30°, కుడి తాడు 45° చేస్తున్నాయి. తన్యతలు కావాలి.

ఇక్కడ విడదీయాల్సింది తాళ్లు కలిసే ముడిని. దాని మీద మూడు బలాలు: కిందికి 20 × 9.8 = 196 న్యూటన్లు, ఎడమ పైకి ఒక తన్యత, కుడి పైకి మరో తన్యత.

ఇప్పుడు ఆ మూడు బాణాలను దిశ మార్చకుండా ఎత్తి, ఒకదాని మొనకు ఇంకోదాని తోక తగిలించాలి. 1 సెంటీమీటరుకు 20 న్యూటన్ల చొప్పున, బరువును 9.8 సెంటీమీటర్ల నిలువు గీతగా కిందికి గీయండి. దాని కింది మొన నుంచి కుడి తాడు దిశలో ఒక గీత లాగండి. బరువు గీత పైకొస నుంచి ఎడమ తాడుకు సమాంతరంగా మరో గీత లాగండి. రెండూ కలిసిన చోట త్రిభుజం మూసుకుంటుంది. బాణాలు ఒకదాని వెంట ఒకటి చుట్టూ తిరిగి మొదలైన చోటికే రావాలి. రెండు మొనలు ఒకేచోట ఢీకొంటే ఒక బాణాన్ని తిరగేసి గీశారన్నమాట.

తర్వాత త్రిభుజం లోపలి కోణాలు. ఎడమ తాడు అడ్డగీతతో 30° చేస్తోంది కాబట్టి నిలువుతో 60° చేస్తుంది. కుడి తాడు నిలువుతో 45°. మూడోది 180 − 60 − 45 = 75°. ఏ భుజానికి ఏ కోణం ఎదురుగా ఉందో బొమ్మ మీదే చూడండి. బరువుకు ఎదురుగా 75°, ఎడమ తాడుకు ఎదురుగా 45°, కుడి తాడుకు ఎదురుగా 60°. సైన్ సూత్రం రాస్తే:

ఎడమ తన్యత ÷ సైన్ 45° = కుడి తన్యత ÷ సైన్ 60° = 196 ÷ సైన్ 75°

196 ÷ 0.9659 = 202.9. దీన్ని 0.7071తో గుణిస్తే ఎడమ తాడులో 143.5 న్యూటన్లు. 0.8660తో గుణిస్తే కుడి తాడులో 175.7 న్యూటన్లు. స్కేలుతో గీసిన బొమ్మలో ఆ భుజాలు 7.2, 8.8 సెంటీమీటర్లు రావాలి. చేత్తో గీసినప్పుడు ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా సహజమే. ఒక సెంటీమీటరు తేడా వచ్చిందంటే మాత్రం లెక్కలోనో గీతలోనో కోణం మారిపోయింది.

సరిచూడటం ఒక నిమిషం పని. అడ్డంగా: 143.5 × కాస్ 30° = 124.3, 175.7 × కాస్ 45° = 124.2. రెండూ ఎదురెదురు కాబట్టి రద్దవుతాయి. నిలువుగా: 143.5 × సైన్ 30° = 71.8, దానికి 124.2 కలిపితే 196.0. సరిపోయింది. నిట్టనిలువుకు దగ్గరగా ఉన్న తాడే ఎక్కువ బరువు మోస్తుంది. మీ జవాబు దీనికి తలకిందులుగా ఉంటే ఎదుటి కోణాలు తారుమారయ్యాయి.

దీన్నే లామీ సిద్ధాంతంతో కూడా చేయవచ్చు. ఫ్రాన్స్‌కు చెందిన బెర్నార్డ్ లామీ పేరుతో ఉన్న ఈ సిద్ధాంతంలో త్రిభుజం గీయక్కర్లేదు. ఒక్కో బలాన్ని, మిగతా రెండు బలాల మధ్య కోణం సైన్‌తో భాగిస్తే మూడు చోట్లా ఒకే విలువ వస్తుంది. మన లెక్కలో ఆ కోణాలు 135°, 120°, 105°. వాటి మొత్తం 360° రావాలి. సైన్ 135°, సైన్ 45° రెండూ ఒకటే కాబట్టి జవాబు మారదు. లామీ పద్ధతి పరీక్షలో వేగంగా సాగుతుంది. కానీ మూడు బాణాలూ బిందువు నుంచి బయటికి పోయేలా గీసినప్పుడే అది వర్తిస్తుంది. దిమ్మను నెట్టే బలాన్ని చాలామంది బయటి నుంచి దిమ్మకు తగిలేలా గీస్తారు. ఆ బాణాన్ని అదే గీత మీద జరిపి, తోక బిందువు దగ్గర ఉండేలా పెట్టాకే కోణం చదవాలి.

కొసైన్ సూత్రం దగ్గర ప్లస్సా, మైనస్సా

కోణాలు తెలిసి బలాలు కావాలంటే సైన్ సూత్రం సరిపోతుంది. రెండు బలాలు, వాటి మధ్య కోణం ఇచ్చి మూడోది అడిగితే, లేదా మూడు బలాలిచ్చి కోణాలు అడిగితే కొసైన్ సూత్రం కావాలి. ఇక్కడ ఏటా ఎంతోమంది ఒకే చోట తడబడతారు. భౌతికశాస్త్రం పుస్తకంలో ఫలిత బలం సూత్రంలో ప్లస్ ఉంటుంది, గణితం పుస్తకంలో కొసైన్ సూత్రంలో మైనస్ ఉంటుంది. రెండూ నిజమే. భౌతికశాస్త్రంలో తీసుకునేది రెండు బాణాల తోకలు కలిపినప్పుడు వాటి మధ్య కోణం. గణితంలో తీసుకునేది త్రిభుజం లోపలి కోణం. మొనకు తోక తగిలించగానే ఆ కోణం 180° లోంచి తీసేసినదిగా మారుతుంది, దాంతో కాస్ గుర్తు తిరగబడుతుంది.

ఒక రింగును 300, 400 న్యూటన్ల బలాలతో రెండు తాళ్లు లాగుతున్నాయి, వాటి మధ్య 70°. రింగును కదలకుండా ఆపే మూడో తాడు ఎంత బలంతో, ఎటు లాగాలి? త్రిభుజం లోపలి కోణం 110°. మూడో భుజం వర్గం = 90,000 + 1,60,000 − 2 × 300 × 400 × కాస్ 110°. కాస్ 110° = −0.3420 కాబట్టి మొత్తం 3,32,080, వర్గమూలం 576.3 న్యూటన్లు. ఇక దిశ: 300 భుజానికి ఎదురుకోణం సైన్ = 300 × సైన్ 110° ÷ 576.3 = 0.489, అంటే 29.3°. ఫలిత బలం 400 బాణం నుంచి 300 బాణం వైపు 29.3° వాలి ఉంటుంది. మూడో తాడు దానికి సరిగ్గా ఎదురుగా లాగాలి. అంటే 400 తాడుతో 150.7°, 300 తాడుతో 139.3° చేయాలి. ఫలిత బలం దిశనే జవాబుగా రాసి వదిలేస్తే మార్కులు పోతాయి. అడిగింది దాన్ని ఆపే బలాన్ని.

కోణాలు కనుక్కునేటప్పుడు ఇంకో ఉచ్చు ఉంది. ఇంటర్ ప్రయోగశాలలో నిలువు బల్లకు రెండు కప్పీలు బిగించి, దారాలకు తూకపు బిళ్లలు వేలాడదీసి చేసే సమాంతర చతుర్భుజ నియమం ప్రయోగాన్నే తీసుకోండి. ఎడమ 250, కుడి 350, మధ్యలో 500 గ్రాములు పెట్టారనుకుందాం. గురుత్వ త్వరణం అన్నిటికీ ఒకటే కాబట్టి 5, 7, 10 భుజాలున్న త్రిభుజం చాలు. 10కి ఎదురుకోణం కాస్ = (25 + 49 − 100) ÷ 70 = −0.3714, అంటే 111.8°. కాబట్టి పై రెండు దారాల మధ్య కోణం 68.2° రావాలి. ఇదే కోణాన్ని చివర్లో సైన్ సూత్రంతో వెతికితే కాలిక్యులేటర్ 68.2°నే త్రిభుజం లోపలి కోణంగా చూపిస్తుంది, ఎందుకంటే సైన్ విలోమం 90° దాటదు. అందుకని పెద్ద భుజానికి ఎదురుకోణాన్ని ముందుగా కొసైన్ సూత్రంతో తేల్చి, మిగతావి సైన్ సూత్రంతో చేయండి. బల్ల మీద కొలిచిన కోణం బాగా తేడాగా వస్తే, కప్పీ బిగుసుకుపోయి ఘర్షణ చేస్తోందేమో, బిళ్లలు బల్లకు రాసుకుంటున్నాయేమో చూడండి. 150, 200, 400 గ్రాములు పెట్టి చూస్తే మాత్రం ముడి ఎక్కడా నిలవదు. 150 + 200 కంటే 400 ఎక్కువ, అలాంటి భుజాలతో త్రిభుజమే లేదు.

సాగదీసిన తాడు, స్లింగు కోణం

తాడు మధ్యలో బరువు వేలాడితే రెండు వైపులా కోణం సమానం. త్రిభుజం సమద్విబాహువు అవుతుంది. దాన్ని సగానికి కోస్తే: తన్యత = బరువు ÷ (2 × సైన్ కోణం). ఇక్కడ కోణం అడ్డగీతతో తాడు చేసేది. ఇంత చిన్న సూత్రం వల్ల ఎన్ని తాళ్లు తెగుతాయో చూడండి. 100 న్యూటన్ల బరువుకు కోణం 30° అయితే తన్యత 100 న్యూటన్లు. 10° అయితే 288. 5° అయితే 574. 1° అయితే 2865. పది మీటర్ల దూరంలో ఉన్న రెండు స్తంభాల మధ్య తాడు, మధ్యలో పది సెంటీమీటర్లే దిగేలా కట్టి పది కిలోల బరువు తగిలిస్తే, కోణం టాన్ = 0.1 ÷ 5 = 0.02. బరువు 98 న్యూటన్లు కాబట్టి తన్యత 2450 న్యూటన్లు, అంటే రెండున్నర క్వింటాళ్ల బరువు వేలాడదీసినంత లాగుడు. తాడును పూర్తిగా తిన్నగా లాగడం ఎంత బలవంతుడికీ సాధ్యం కాదు. కోణం సున్నా అయితే హారంలో సున్నా వస్తుంది.

క్రేన్‌తో సామాను ఎత్తేటప్పుడు రెండు కాళ్ల స్లింగుకూ (సామానును క్రేన్ కొక్కేనికి తగిలించే రెండు తాళ్ల జతకూ) ఇదే లెక్క. అడ్డగీతతో 60° ఉంటే ఒక్కో కాలు మొత్తం బరువులో 0.577 వంతు మోస్తుంది, 45° దగ్గర 0.707 వంతు. 30° దగ్గర ఒక్కో కాలూ పూర్తి బరువంతా మోస్తుంది. 30° కంటే తక్కువ కోణంలో ఎత్తకూడదన్నది ఈ పనిలో మామూలు నియమం. స్లింగు చార్టు చదివేటప్పుడు కోణాన్ని అడ్డగీత నుంచి ఇచ్చారా, నిలువు నుంచి ఇచ్చారా, రెండు కాళ్ల మధ్య ఇచ్చారా అని ముందు చూసుకోవాలి. నిలువు నుంచి 60°, అడ్డగీత నుంచి 30° ఒకటే. కోణం సంఖ్య ఒక్కటే చూసి 60 అంటే క్షేమం అనుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది.

వాలు తలం: అభిలంబ ప్రతిచర్య ఎప్పుడూ ఒకేలా ఉండదు

50 కిలోల దిమ్మ 25° వాలు మీద ఉంది, తలం నునుపు. బరువు 490 న్యూటన్లు. అభిలంబ ప్రతిచర్య నిలువుతో 25° చేస్తుంది. నిలువు, అడ్డగీత రెండూ 25° తిరిగితే తలమూ, దాని లంబమూ వస్తాయి. తలం వెంట తాడుతో ఆపితే త్రిభుజంలో లంబకోణం తాడుకూ ప్రతిచర్యకూ మధ్య ఉంటుంది, బరువు కర్ణం అవుతుంది. తాడు 490 × సైన్ 25° = 207.1, ప్రతిచర్య 490 × కాస్ 25° = 444.1 న్యూటన్లు.

ఇప్పుడు అదే దిమ్మను అడ్డంగా నెట్టి ఆపండి. లంబకోణం ఈసారి బరువుకూ నెట్టే బలానికీ మధ్య వస్తుంది, కర్ణం ప్రతిచర్య అవుతుంది. నెట్టే బలం 490 × టాన్ 25° = 228.5, ప్రతిచర్య 490 ÷ కాస్ 25° = 540.7 న్యూటన్లు. బరువు కంటే ప్రతిచర్యే పెద్దది. అభిలంబ ప్రతిచర్య అంటే బరువు ఇంటూ కాస్ అని బట్టీపట్టినవాళ్లు తప్పేది ఇక్కడే. లంబకోణం ఎక్కడుందో చూశాకే ఏది కర్ణమో నిర్ణయించండి.

వాలు తలం లెక్క చాలా పాతది. ఫ్లాండర్స్‌కు చెందిన గణితవేత్త సైమన్ స్టెవిన్ 1586లో ప్రచురించిన వాదం ఎంతో అందమైనది: రెండు వేర్వేరు వాలులున్న త్రిభుజాకారపు దిమ్మ చుట్టూ గుండ్ల హారం వేస్తే, అది తనంతట తాను తిరుగుతూ ఉండదు. కాబట్టి పొడవైన వాలు మీది ఎక్కువ గుండ్లూ, పొట్టి వాలు మీది తక్కువ గుండ్లూ ఒకదాన్నొకటి ఆపుతున్నాయి. సైన్ అన్న మాట ఎక్కడా రాకుండానే సైన్ నిష్పత్తి తేలిపోతుంది.

తలం గరుకైతే బలాలు నాలుగవుతాయి కానీ, అభిలంబ ప్రతిచర్యనూ ఘర్షణనూ కలిపి ఒకే బాణంగా గీస్తే మళ్లీ మూడే. జారబోయే క్షణంలో ఆ బాణం లంబం నుంచి ఘర్షణ కోణం మేర వాలుతుంది. ఘర్షణ కోణం టాన్ = ఘర్షణ గుణకం. గుణకం 0.3 అయితే ఘర్షణ కోణం 16.7°. దిమ్మ పైకి కదలబోతుంటే ఘర్షణ కిందికి లాగుతుంది, ప్రతిచర్య నిలువుతో 25 + 16.7 = 41.7° చేస్తుంది. కిందికి జారబోతుంటే 25 − 16.7 = 8.3°. అడ్డంగా నెట్టే బలం అయితే పైకి కదిలించడానికి 490 × టాన్ 41.7° = 437 న్యూటన్లు, జారకుండా ఆపడానికి 490 × టాన్ 8.3° = 71.5 న్యూటన్లు చాలు. ఈ రెంటి మధ్య ఎంత బలంతో నెట్టినా దిమ్మ అలాగే ఉంటుంది. ఆ మధ్యలో ఘర్షణను గుణకం ఇంటూ ప్రతిచర్య అని రాయకూడదు. ఆ విలువ జారబోయే అంచు దగ్గర మాత్రమే.

అతి తక్కువ బలంతో పైకి లాగాలంటే తాడు ఏ కోణంలో ఉండాలి? త్రిభుజంలో బరువు భుజం కదలదు, ప్రతిచర్య దిశ కదలదు. బరువు గీత కొస నుంచి ఆ ప్రతిచర్య గీతకు అతి దగ్గరి దారి లంబమే. అంటే తాడు ప్రతిచర్యకు లంబంగా, తలం నుంచి 16.7° పైకి ఉండాలి. బలం 490 × సైన్ 41.7° = 326 న్యూటన్లు. తలానికి సమాంతరంగా లాగితే 340 కావాలి. కలనగణితం అవసరం లేకుండా కనిష్ఠ విలువ బొమ్మలోంచే వచ్చేసింది.

నిచ్చెన: మూడు గీతలూ ఒకే చోట కలవాలి

బలాలు ఒకే బిందువు దగ్గర తగలకపోయినా, మూడే ఉండి, సమాంతరం కాకపోతే, వాటి గీతలు పొడిగిస్తే ఒకే చోట కలవాలి. లేకపోతే వస్తువు తిరుగుతుంది. నిచ్చెన లెక్కను ఇది సగానికి తగ్గిస్తుంది.

5 మీటర్ల, 15 కిలోల నిచ్చెన నునుపైన గోడకు 60° వాలులో ఆనింది, నేల గరుకు. గోడ ప్రతిచర్య అడ్డంగా, 5 × సైన్ 60° = 4.33 మీటర్ల ఎత్తులో. బరువు గీత నిచ్చెన పాదం నుంచి 2.5 × కాస్ 60° = 1.25 మీటర్ల దూరంలో నిలువుగా. రెండూ కలిసే బిందువు గుండానే నేల ప్రతిచర్య పోవాలి. దాని వాలు టాన్ = 4.33 ÷ 1.25 = 3.464, అంటే 73.9°. త్రిభుజంలో గోడ బలం = 147 ÷ 3.464 = 42.4 న్యూటన్లు, నేల ప్రతిచర్య = 147 ÷ సైన్ 73.9° = 153 న్యూటన్లు. జారకుండా ఉండాలంటే ఘర్షణ గుణకం కనీసం 1 ÷ 3.464 = 0.289 ఉండాలి. నేల ప్రతిచర్యను నిచ్చెన వెంటే గీసి 60° అని తీసుకోవడం ఇక్కడ పెద్ద తప్పు. నిచ్చెన మధ్యలో బరువు ఉంది కాబట్టి అది రెండు బలాల కమ్మీ కాదు.

60 కిలోల మనిషి నిచ్చెన వెంట 4 మీటర్లు ఎక్కాడు. మనిషి, నిచ్చెనల ఉమ్మడి గురుత్వ కేంద్రం నిచ్చెన పాదం నుంచి (15 × 2.5 + 60 × 4) ÷ 75 = 3.7 మీటర్ల దూరంలోకి పోయింది. బరువు గీత 1.85 మీటర్లకు జరిగింది, ప్రతిచర్య వాలు టాన్ 2.34కు పడిపోయింది, కావాల్సిన గుణకం 0.43కు పెరిగింది. మొదటి మెట్టు మీద నిలిచిన నిచ్చెన పై మెట్టు దగ్గర ఎందుకు జారుతుందో ఇదే చెబుతుంది. అదే నిచ్చెనను నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు దూరం లెక్కన, సుమారు 76° దగ్గర వేస్తే, అదే మనిషికి 0.185 గుణకం చాలు.

కోణమే అక్కర్లేని సందర్భం

గోడకు కీలుతో బిగించిన 2 మీటర్ల అడ్డ కమ్మీ, దాని కొస నుంచి గోడ మీద 1.5 మీటర్ల ఎత్తుకు లాగిన తీగ, కొసకు వేలాడే 80 కిలోల బరువు. కమ్మీ బరువు వదిలేస్తే బలాల త్రిభుజం, గోడా కమ్మీ తీగల త్రిభుజం సరూపాలు. 1.5 మీటర్ల గోడ ముక్కకు 784 న్యూటన్లు సరిపోతే, 2 మీటర్ల కమ్మీలో 1045, 2.5 మీటర్ల తీగలో 1307 న్యూటన్లు. 36.87° అని కనుక్కుని మళ్లీ సైన్ వేయాల్సిన పని లేదు, గుండ్రం చేయడం వల్ల వచ్చే తేడా కూడా ఉండదు. కొలతలు మీటర్లలో ఇచ్చిన ప్రతి లెక్కలో ముందుగా సరూప త్రిభుజం కోసం చూడండి.

నాలుగు దాటితే

అక్షాలను తెలియని బలాలు ఎక్కువగా ఉన్న దిశల్లో పెట్టండి. వాలు తలమైతే తలం వెంట ఒకటి, లంబంగా ఒకటి. ప్రతి బలం పక్కన కోణాన్ని గుర్తించి, ఆ కోణాన్ని ఆనుకుని ఉన్న అక్షానికి కాస్, ఎదుటి అక్షానికి సైన్ వేయండి. అడ్డానికి కాస్, నిలువుకు సైన్ అని గుడ్డిగా వేయకండి. కోణం నిలువు నుంచి ఇస్తే అది తారుమారవుతుంది. మధ్యలో వచ్చిన సంఖ్యలను నాలుగు అంకెల దాకా ఉంచి, గుండ్రం చేయడం చివర్లోనే చేయండి. అభిలంబ ప్రతిచర్య మైనస్‌లో వస్తే దిమ్మ తలాన్ని వదిలి పైకి లేచిందని అర్థం. అప్పుడు ఆ బాణాన్ని తీసేసి లెక్క మొదటి నుంచి చేయాలి.

ఏ పద్ధతిలో చేసినా, సూత్రం రూపంలో వచ్చిన జవాబులో కోణాన్ని 0°కి, 90°కి తీసుకెళ్లి చూడండి. వాలు 0° అయితే దిమ్మను ఆపే బలం సున్నా కావాలి. 90° అయితే తలం వెంట లాగే తాడు పూర్తి బరువు మోయాలి. సైన్ రాయాల్సిన చోట కాస్ రాసి ఉంటే ఈ రెండు పరీక్షల్లోనే దొరికిపోతుంది.